గండి అన్నాను, కోట మింగాను

ఆ రోజు నేను తెలివిగా ఏమీ చేయలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అత్త పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ పిల్ల తెలివే మమ్మల్ని ఆ పొద్దు గట్టున పడేసింది" అని చెబుతుంటే తలవంచుకుని వింటూ ఉంటాను. తల వంచుకున్నది సిగ్గుతో అనుకుంటారు. సిగ్గే. కాకపోతే వాళ్ళనుకునే సిగ్గు కాదు.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్నాను. మా ఊరు ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య ఉంది. ఊళ్ళో గొడవలు ముదిరాక అమ్మ నన్ను తీసుకుని టౌనుకు వచ్చి అద్దె ఇంట్లో చేరింది. అమ్మకు అన్న, అంటే మా మామ, ఊళ్ళోనే ఉండిపోయాడు. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, నాలుగెకరాలు సంపాదించి, ఊరి పెద్దాయన వెంట తిరిగిన పాపానికి అవతలి పార్టీ వాళ్ళకు గురి అయ్యాడు. కొన్నేళ్ళుగా ఇల్లు దాటి బయటికి రాలేదు. పొలం కౌలుకిచ్చాడు. నడవాలో మంచం మీద, వీపు గోడకు ఆనించి, తలుపుకేసి చూస్తూ కూర్చునేవాడు. ఎప్పుడు పోయినా అదే గోడ, అదే మంచం. మాట కూడా బయటికి వినబడనంత తగ్గించి మాట్లాడేవాడు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. మా పెద్దాయనా వాళ్ళ పెద్దాయనా ఒకే పార్టీ కండువా కప్పుకున్నారు. రాజీ అయిందన్నారు, ఎవరి పనులు వాళ్ళు చేసుకోవచ్చన్నారు. అమ్మ నమ్మలేదు. "కండువాలు కలిస్తే కొడవండ్లు కలుస్తాయా?" అంది. మామ మాత్రం ఒకటే పట్టు పట్టాడు.

"ఒక్క దినం. పొద్దున పోయి పొద్దుగూకే లోపల వచ్చేచ్చాం. ఆకాశం కింద ఒక్క దినం తిరగనీండే నన్ను."

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. ఆడవాళ్ళున్న బండి జోలికి ఎవరూ రారు. అందుకని మగవాళ్ళు బయటికి పోవలసి వస్తే ఇంట్లో ఆడవాళ్ళు పూలు పెట్టుకుని జీపులో అంచున కూర్చుంటారు. అంచున ఎందుకంటే కనబడాలి. అట్లా అత్తా, అమ్మా, నేనూ ఆ జీపుకు కావలసి వచ్చాం. ఎక్కడికి పోవాలన్నది మామ నాకు వదిలేశాడు.

"పుస్తకాలన్నీ సదివేది నువ్వే గదా పాపా. కొండలు, నీళ్ళు, మంచి చోటు చూడు. నువ్వు యాడికంటే ఆడికి."

అంతవరకు నా చదువు ఎవరికీ ఎందుకూ పనికిరాలేదు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలు దిండు కింద పెట్టుకుని చదివేదాన్ని, రాత్రి డైరీలో నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. ఆ డైరీ నిండా కొండలూ సెలయేళ్ళే. నిజానికి నాకు ఆరుబయలంటే భయం. ముళ్ళంటే భయం, తొండలంటే భయం, ఎండలో నడిస్తే తలనొప్పి. మిద్దె పిట్టగోడ దగ్గర నిలబడితేనే కాళ్ళు వణుకుతాయి. అడవులు నాకు అక్షరాల్లోనే బాగుండేవి.

ఇట్లాంటి మనిషి చూడదగిన చోట్లు ఎంచితే ఎట్లా ఉంటుంది? జీపు చివరిదాకా పోతుందా? ఆడవాళ్ళు చాటుకు పోవడానికి చోటుందా? కోతులున్నాయా? ముందు ఇవి చూశాను, ఆ తర్వాతే అందం. మైలవరం డ్యాము మంచిదనిపించింది, అక్కడ గోడ ఉంది. కానీ నేను చిన్నప్పుడు మామ చెప్పిన కథలన్నీ గండికోటవే. కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆ కొండ మీద గొర్రెలు మేపాడు. లోయ అంచున నిలబడి అరిస్తే అవతలి బండలు తిరిగి అరిచేవట. ఆయనకు ఒక్క దినం ఉంటే అది అక్కడే గడవాలని నాకు తెలుసు. లైబ్రరీ పుస్తకంలో గండికోట బొమ్మ చూశాను. ఎర్రబండలు, కింద ఎక్కడో పెన్న. అంచుకు కంచె లేదు. బొమ్మ చూస్తేనే అరికాళ్ళు జిల్లుమన్నాయి. పుస్తకం మూసేశాను. అయినా గండికోటే చెబుదామని నిశ్చయించుకున్నాను.

ఆదివారం ఊరికి పోయాం. నడవాలో మామ, అత్త, జీపు నడిపే అతను, ఇంకో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. వంటింటి గడప దగ్గర నిలబడ్డాను.

"ఏం పాపా, యాడికి తీస్కపోతావు మమ్మల్ని?" అన్నాడు మామ.

అందరూ నా వైపు తిరిగారు. ముందు కొంచెం వర్ణిద్దామనుకున్నాను, పుస్తకంలో చదివినట్టు. "దారి చాలా బాగుంటుందంట మామా. మలుపు మలుపుకూ అందమేనంట."

ఏమన్నానో తర్వాత అర్థమైంది. మా వైపు జీపుల మీద బాంబులు పడేది మలుపుల్లోనే. బండి అక్కడే నెమ్మదిస్తుంది.

జీపు అతను గొంతు సవరించుకున్నాడు. "మలుపులొద్దు పాపా, నీకు దండం పెడతా. తిన్నంగ ఉండే దావ ఏదన్నా ఉంటే చెప్పు."

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. ఇక తొందరగా చెప్పేసి లోపలికి పోదామని నోరు తెరిచాను. "గండి" అన్నాను. 'కోట' నాలుక మీదికి వచ్చింది. అప్పుడే కంచె లేని ఆ అంచు కళ్ళ ముందు నిలబడింది. మింగేశాను.

"గండికా!" అత్త మొహం విప్పారింది. "నా మనసులో మాట చెప్పినావే తల్లీ. యేంపల్లె గండి. ఆంజనేయసామికి మొక్కు కూడా ఉండాది. ఆన్నుంచి పులివెందులకు యెంతసేపు? బిడ్డను సూసినట్టుంటాది."

మా వదిన, మామ ఒక్కగానొక్క కూతురు, పులివెందులలో కాపురముంది. వాళ్ళకు చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉంది. తండ్రి బయటికి రాలేడు, ఆమెకు అత్తగారింటి నుంచి తరచుగా రావడానికి వీల్లేదు. అత్త చెప్పినదాంట్లో తప్పేముంది? పాపఘ్ని ఒడ్డున గుడి, మెట్లు, ఇసుక. జీపు గుడి ముందు దాకా పోతుంది. కింద పడే అంచు ఎక్కడా లేదు. నా ఒళ్ళంతా ఊరటతో వదులైపోయింది. మామ ఒక్క క్షణం నా వైపు చూసి, "సరే, గండి అంటే గండే" అన్నాడు. గోడకు ఇంకొంచెం ఆనుకున్నాడు.

అంతే. గండి వేరు, గండికోట వేరు. రెండూ కొండను నది కోసిన చోట్లే, రెండూ మా జిల్లాలోవే. రెండింటి మధ్యా ఉన్న రెండక్షరాలను నేను మింగేశాను. నాలుగు రోజుల్లో ఊరంతా పాకింది, ఫలానావాళ్ళు గండికి పోతున్నారని. వదిన తండ్రి కోసం ఏం వండాలో అత్తను ఫోన్‌లో అడిగింది.

బయలుదేరిన రోజు జీపు తెల్లవారేసరికి ప్రొద్దుటూరు వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. మామ మధ్యలో, తలకు తువ్వాలు చుట్టుకుని. ఒక అంచున అత్త, ఒక అంచున నేను. అమ్మ వెనక నుంచి, "తల కొంచెం బయటికి పెట్టే, పూలు కనబడల్ల" అంటోంది. అత్త ఒళ్ళో వదినకు తీసుకున్న చీర, కజ్జికాయల డబ్బా.

ఎర్రగుంట్లలో రైల్వే గేటు పడింది. సిమెంటు లారీలు బారు తీరి ఉన్నాయి. ఒక దారి వేంపల్లె మీదుగా పులివెందులకు, ఇంకొకటి జమ్మలమడుగుకు. మామ తువ్వాలు పక్కకు జరిపి పడమటి వైపు చూశాడు. ఎవరితోనూ కాదు, ఊరికే అన్నాడు.

"ఆ పక్క మబ్బు పట్టుండాది. పెన్నకు నీల్లొచ్చింటాయి."

ఆ గొంతు విన్నాక నాకు కూర్చోవడం చేతకాలేదు. "మామా, నేను చెప్పింది గండికోట."

అత్త ఇటు తిరిగింది. "ఏందీ?"

"గండికోట అత్తా. ఆ పొద్దు చెప్పాలనుకున్నది అదే."

గూడ్సు బండి పోతోంది. మామ నా మొహంలోకి చూస్తూ ఉన్నాడు. ఉన్నట్టుండి జీపు అతను స్టీరింగు మీద చేత్తో కొట్టాడు.

"యబ్బా! అప్పా, సూసినావా ఈ పాప యవ్వారం? ఊరూవాడా మనం యేంపల్లె గండికి పోతాండామనుకుంటాండారు. కాపు కాసేవోడు ఎవుడన్నా ఉంటే ఆ దావలో కాస్తాంటాడు. జమ్మలమడుగు దావలో మనల్ని ఎవురు అనుకుంటారు?"

"అట్లనే!" అత్త నోటి మీద వేలేసుకుంది. "సగం చెప్పి సగం దాసిపెట్టుకుండ్యా? ఎంత గుట్టే నీకు!"

కాదనడానికి నోరు తెరిచాను. ఈసారి మాటే రాలేదు. గేటు లేచింది. అత్త చీర వైపు ఒకసారి చూసుకుని, "మరి బిడ్డ ఎదురుసూస్తాంటాది గదయ్యా" అంది. మామ చాలాసేపు ఆలోచించలేదు. "దాన్ని ఇంగోతూరి సూద్దాం" అన్నాడు. బండి జమ్మలమడుగు దారి పట్టింది. వదినకు చెబుదామంటే జమ్మలమడుగులో ఫోన్ బూతు దగ్గర బండి ఆపే వీల్లేదు. టౌను దాటేవరకు అత్తా నేనూ తలలు బయటికి పెట్టి కూర్చున్నాం. నేను ఏ మనిషి మొహమూ చూడలేదు, దుకాణాల బోర్డులు చదువుకుంటూ పోయాను.

గండికోటలో జీపు మసీదు దాకా పోయింది. అక్కడి నుంచి బండల మీద నడవాలి. ఇరవై అడుగులు వేశానో లేదో, గాలి కొట్టింది. ఒక బండను పట్టుకుని కూర్చుండిపోయాను, కళ్ళు మూసుకుని.

"లేయే, పట్టుచీర బండలకు రుద్దుతాండావు! నువ్వే గదా ఈడికి తెచ్చింది?" అంది అమ్మ.

నిజమే. ఆ బండ్లో ప్రాణభయం ఉన్నవాడు ఒక్కడే, ఆయన దిగి నడిచిపోతున్నాడు. ఏ భయమూ అక్కర్లేని నేను నేలను కరుచుకుని ఉన్నాను.

ఆయన అరుపు విని కళ్ళు తెరిచాను. గొర్రెలను తోలే అరుపు. అంత పెద్ద గొంతు ఆయనకుందని నాకు తెలియదు. అవతలి గట్టు నుంచి అదే అరుపు తిరిగి వచ్చింది. మామ మళ్ళీ అరిచాడు. "యోవ్, యెనక్కి రాయా, గుండె జారుతాంది నాకు!" అని అత్త గోల చేస్తోంది. ఆయన అంచున నిలబడి ఉన్నాడు, పంచె ఎగురుతూ. తువ్వాలు తీసేశాడు. గోడ లేని చోట ఆయన వీపు చూడడం నాకదే మొదటిసారి.

నేను లోయ చూడలేదు. ఆ వీపే చూశాను.

పాత ధాన్యపు కొట్టు నీడలో అన్నాలు తిన్నాం. జీపు అతను నా తెలివిని ఇంకోసారి చెప్పాడు, అమ్మ మురిసిపోయింది. "అంతా పుస్తకాల గుణం" అంది. నేను ముద్ద కలుపుతూ కూర్చున్నాను. మామ మాత్రం ఆ మాటల్లో కలవలేదు. అత్త వదినకని తెచ్చిన డబ్బా విప్పి నాకు ఒక కజ్జికాయ పెట్టింది. తిన్నాను.

తర్వాతి వారం వదిన బస్సులో మా ఇంటికి వచ్చింది. కోపంగా ఏమీ లేదు. "రాగిసంగటి, నాటుకోడి చేసి, పొద్దుగూకే దాకా వాకిట్లోనే కూసున్యా. ఏమయిందోనని పానం పోయింది," అంది. అమ్మ గర్వంగా గండి కథంతా చెప్పింది. వదిన విని, "మంచిదేలే, మా నాయన పానం ముఖ్యం" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని వెనక్కి లాక్కోలేకపోయాను. దారిలో ఎవరూ కాపు కాయలేదని ఆ తర్వాత తెలిసింది. ఆ రోజు గండి దారీ గండికోట దారీ రెండూ ఒకటే. రెండింట్లోనూ ఎవరూ లేరు. ఈ సంగతి జీపు అతనికీ తెలుసు, అయినా కథ మార్చలేదు.

రాజీ ఎన్నికలయ్యేదాకే నిలిచింది. ఆ తర్వాత మా ఇంట్లో జరిగినదాన్ని నేను డైరీలో కూడా రాయలేదు, ఇక్కడా రాయను. మామ మళ్ళీ వదినను చూడలేదు. నన్నూ చూడలేదు.

అందువల్ల ఆయన నాతో అన్న ఆఖరిమాట ఆ రోజు సాయంత్రం అన్నదే. జీపు మా ఇంటి ముందు ఆగింది. అమ్మా నేనూ దిగాం. అత్త నిద్రలో ఉంది. మామ తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకుంటూ వంగి, పాత గొంతుతో, నాకొక్కదానికే వినబడేటట్టు అన్నాడు.

"మల్లా తూరి పులివెందులకు పోదాం పాపా. అప్పుడు మాత్రం మాట మింగొద్దు."