వెలిగించని కుంది

ఎదుట ఇద్దరు వాదించుకుంటుంటే మా ప్రొఫెసర్ గారు రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, మెల్లగా ఒకదాని దగ్గరకు ఒకటి జరిపేవారు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేవారు. కెనడాలో, బర్నబీ కొండ మీది యూనివర్సిటీలో మాకు ఆయన చెప్పిన పాఠమూ అలాంటిదే. పదహారో శతాబ్దపు ఫ్రాన్స్‌లో రాజమాత క్యాథలిక్ బిషప్పులనూ ప్రొటెస్టెంట్ పాస్టర్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయబోయింది. అది చెడి యుద్ధాలొచ్చాయి. "ఆవిడ ఇంకాస్త ఓపిక పట్టాల్సింది" అని ఏటా అదే మాటతో ముగించేవారు.

రిటైరయ్యాక ఆ దగ్గర్లోని సర్రీ ఊళ్లో మా తెలుగు సంఘానికి ప్రెసిడెంటయ్యారు. ఆ ఉగాది సభలో దీపం వెలిగించాల్సిందేనని కొందరు, వెలిగిస్తే మేం రామని చర్చికి వెళ్లే కుటుంబాలవాళ్లు పట్టుబట్టారు. సార్ నెల రోజులు ఇంటింటికీ డ్రైవ్ చేసుకుంటూ తిరిగి అందరినీ ఒప్పించారు: వేదిక మీద కుంది ఉంటుంది, వెలిగించరు.

తీరా ఆ రోజు, "వెలగని దీపం ముందు పండగేంటి సార్, అశుభం!" అంటూ ఒక వైపు వాళ్లు లేచారు. "ఒప్పుకున్నాం గానీ, దాన్ని చూస్తుంటే మనసు ఒప్పడం లేదంకుల్" అంటూ రెండో వైపు వాళ్లూ కోట్లు వేసుకున్నారు.

సార్ అలవాటుగా అరచేతులు బల్ల మీద ఆనించారు. ఎదుట ఖాళీ కుర్చీలే ఉన్నాయి.

నేను ఉగాది పచ్చడి గిన్నెకు మూత పెడుతుంటే పిలిచారు.

"అమ్మా, ముప్పై ఏళ్లు ఆ రాజమాతదే తప్పని చెప్పాను. విన్న పిల్లలందరినీ ఇప్పుడెక్కడని వెతకను?"