తిప్పి నింపిన మందుల అట్ట

ఒక మంచి మనిషి మతి మీద నేను వేసిన మచ్చ ఇది. చాలా ఏళ్ళుగా దాని బరువు నా గుండెల మీద ఉంది. మచ్చ మాత్రం ఆయన పేరు మీదే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పగలిగేవాణ్ణి కాదేమో.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను కోతలరాయుణ్ణి. ఐర్లండ్‌లో కార్క్ నగరం దగ్గర ఒక చిన్న ఊళ్ళో నా మందుల షాపు. రింగాస్కిడీ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళ అమ్మలు, అత్తలు దగ్గు మందుకి వచ్చి నా కథ ఒకటి వినందే కదిలేవాళ్ళు కాదు. మా తాత మందుల కొట్లో డాక్టర్ల రాత చదివే చిలక ఉండేదని, ఇంజెక్షన్ పేరు రాగానే అది కళ్ళు మూసుకునేదని చెప్పేవాణ్ణి. మా తాతకి మందుల కొట్టు ఎక్కడిది? ఆయన కిళ్ళీలు కట్టేవాడు. "ఈయన నిజం చెప్పిన రోజున జ్వరమొచ్చిందేమో చూడాలి" అనేది మా ఆవిడ శాంత. అవన్నీ ఎవరికీ హాని చెయ్యని కోతలు. చెయ్యవని అనుకునేవాణ్ణి.

నన్ను ఆ ఊరికి రప్పించింది డాక్టర్ గారు. గుంటూరులో చదువుకుని, ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. నేను ఇక్కడి ఫార్మసీ పరీక్షకి కూర్చున్నప్పుడు తన వంటింటి బల్ల దగ్గర పాఠం అప్పజెప్పించుకున్నాడు. అద్దె ఇంటికి తను పూచీ పడ్డాడు. మా అమ్మాయి పుట్టినప్పుడు శాంతకి పథ్యం వండి పంపింది ఆయన భార్య. ఆవిడ పోయాక ఆయన ఒంటరిగానే ఉండేవాడు. నేను అన్నయ్యా అనేవాణ్ణి. ఆయన నన్ను ఏరా అనేవాడు. ఈ దేశంలో నన్ను ఏరా అన్న మనిషి ఇంకొకరు లేరు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెరుగుతున్న రోజులవి. ప్రతి నెలా కొత్త తెలుగు కుటుంబాలు దిగేవి. మాకో సంఘం ఉండేది. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. కొత్తగా వచ్చినవాళ్ళకి దుప్పట్లు ఇవ్వడం, ఇల్లు వెతికిపెట్టడం, చర్చి హాలు తీసుకుని ఉగాది జరపడం మా పనులు. కానీ సంఘమంటే అసలు ఆయన ఫోనే. పిల్లకి ఒళ్ళు కాలుతుంటే, జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, అపాయింట్‌మెంట్ దొరక్కపోతే, ఎక్కడో డబ్లిన్ శివార్లలోని స్వోర్డ్స్, ఆడమ్స్‌టౌన్‌ల నుంచి కూడా కొత్త తల్లులంతా ఆయనకే ఫోన్ చేసేవాళ్ళు. "ఏడవకమ్మా, ముందు పిల్ల నాలుక ఎలా ఉందో చెప్పు" అనేవాడు. సగం జ్వరం ఆ మాటకే తగ్గేది.

ఇక నా పని. పెద్దవాళ్ళకి వారం మందులు గళ్ళ అట్టలో సర్ది, వెనక రేకు అంటించి ఇస్తాం. పై గడి పొద్దుటికి, కింది గడి రాత్రికి. డాక్టర్ గారికి కళ్ళలో శుక్లాలు ముదిరి ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నాడు. మాత్రల రంగు కనపడదు. గడిని వేలితో తడిమి వేసుకునేవాడు. "నువ్వు సర్దింది నేను చూడటమెందుకురా" అనేవాడు.

ఆ రోజు ఆయన అట్ట నింపుతున్నాను. కౌంటరు అవతల ముసలమ్మలు చిలక కథ కావాలన్నారు. కథ చెప్పేటప్పుడు వినేవాళ్ళ మొహాలు చూడకపోతే నాకు తోచదు. అందుకని ఎప్పుడూ నిలబడే వైపు వదిలి బల్లకి రెండోవైపు వచ్చి, వాళ్ళకి ఎదురుగా నిలబడి నింపాను. అట్ట మాత్రం తిప్పలేదు. నాకది తలకిందులుగా ఉంది. చేతికి అలవాటైన వరసలో మాత్రలు పడిపోయాయి. పొద్దుటి మాత్రలు రాత్రి గళ్ళలోకి, రాత్రి వేసుకోవాల్సిన నిద్రమాత్ర పొద్దుటి గళ్ళలోకి. చివర్లో సరిచూశాను కూడా. అన్నీ ఉన్నాయి. ఎక్కడున్నాయో చూడలేదు. చిలక కళ్ళు మూసుకుంది, అందరూ నవ్వారు, నేను రేకు అంటించేశాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ప్రసన్న అనే అమ్మాయి షాపుకి వచ్చింది. మొగుడు కార్క్‌లో ప్రోగ్రామరు. చంకలో ఏడాది పాప.

"అంకుల్, డాక్టర్ అంకుల్‌కి పొద్దున ఫోన్ చేశానండీ. జ్వరం మందు రెండు చెంచాలు వెయ్యమన్నారు. ఎందుకో భయమేసి ఆగాను. ఆయన మాట కూడా ముద్దముద్దగా ఉంది."

ఆ వయసు పాపకి అది చాలా ఎక్కువ. ఎంత వెయ్యాలో చెప్పి పంపించి, షాపు మూసి ఆయనింటికి పరిగెత్తాను. దారంతా ఆయనకి ఏమైందోనని భయం. వంటింట్లో అలమర తలుపు తీసి అట్ట చూశాక ఆ భయం పోయింది. ఇంకో భయం పట్టుకుంది.

ఆయన కుర్చీలో జోగుతున్నాడు. ప్రసన్న సంగతి చెప్పాను. ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు.

"పాపకి వెయ్యలేదుగా?"

"వెయ్యలేదన్నయ్యా. పాప బాగానే ఉంది."

"అంత వెయ్యమన్నానా? నేనా?" అని చేతులు చూసుకున్నాడు. "నాలుగు రోజులుగా పొద్దున్నే తల దిమ్ముగా ఉంటోందిరా. మాత్రలేమైనా తప్పు వేసుకుంటున్నానా?"

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. ఆ నోరు చిన్నప్పటినుంచి కోతలకి అలవాటు పడింది.

"అట్ట తిప్పి పట్టుకుంటున్నట్టున్నారు అన్నయ్యా. రాత్రివి పొద్దున పోతున్నాయి. ఈ వయసులో మామూలేలెండి."

ఆయన కళ్ళు నులుముకున్నాడు. తర్వాత, "నువ్వు చూడబట్టి సరిపోయిందిరా" అన్నాడు. నాకు దణ్ణం పెట్టాడు. ఆ అట్ట చంకలో పెట్టుకుని, ఆ దణ్ణం తీసుకుని వచ్చేశాను. సరిగ్గా నింపిన కొత్తది మర్నాడు ఇచ్చాను. దిమ్ము పోయింది. అట్ట జాగ్రత్తగా పట్టుకుంటున్నందువల్లే పోయిందని ఆయన అనుకున్నాడు.

లైసెన్సు పోతుందని భయపడ్డానా? షాపు, అమ్మాయి చదువు? అవునని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా కోతే. ఏరా అన్న మనిషి ముందు తల దించలేకపోయాను, అంతే.

తర్వాతి సంఘం సమావేశంలో ఆయన లేచి, తన మాత్రలే సరిగ్గా వేసుకోలేనివాడు పిల్లలకి మందు చెప్పకూడదని అధ్యక్ష పదవి వదిలేశాడు. ఇకమీద ఎవరూ తనకి ఫోన్ చెయ్యవద్దన్నాడు. నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. చెయ్యించింది ఆయనే. ఆ ఉగాదికి మైకు పట్టుకున్నాను. ఆయన త్యాగాన్ని పొగుడుతూ, జనం నవ్వు కోసం, అట్ట తలకిందులుగా పట్టుకుని మాత్రలు ఎందుకు రాలడం లేదని ఆయన విసుక్కున్నట్టు కల్పించి అభినయించాను. హాలంతా నవ్వింది. ముందు వరసలో ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఆపమని నేను ఎవరికి చెప్పను?

శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు తేటపడింది. మతికి ఎప్పుడూ ఏమీ కాలేదు. అయినా తలుపు తాళం వేశాడో లేదో చూడటానికి మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళేవాడు. నన్ను అడిగి గానీ ఏదీ నమ్మేవాడు కాదు. తనని నమ్మవద్దని నేర్పినవాణ్ణే నమ్మాడు. వారం వారం వెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ ఈ రోజు చెప్పేద్దామనే వెళ్ళేవాణ్ణి. టీ తాగి వచ్చేవాణ్ణి. ఒకసారి ఎవరో పిల్ల ఏడుపు వినిపించి కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఇది చెవినొప్పి ఏడుపురా" అని, వెంటనే, "ఏమో, నాకేం తెలుసులే" అని వెనక్కి వచ్చి కూర్చున్నాడు. అప్పుడు కూడా చెప్పలేదు.

ఆయన పోయాడు. శాంతకి ఇప్పటికీ తెలియదు. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా మనవాళ్ళు, "ఎంత గొప్ప డాక్టరండీ, చివర్లో కాస్త మతి తప్పింది గానీ" అంటారు. నేను తలూపుతాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నన్ను మీరు ఏమనుకున్నా సరే. ఆయన గురించి మాత్రం ఎవరైనా ఆ మాట అంటే, కాదని చెప్పండి. డాక్టర్ గారి మతి చివరిదాకా నిక్షేపంగా ఉంది. అట్ట ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. తలకిందులుగా నింపింది నేను.