ఎర్ర పెన్సిల్ గీత

ముప్పై ఏళ్లు దాటింది, ఒక గీత నా గుండె మీద బరువుగా ఉంది. గీతకు బరువేమిటని మీరు అడగొచ్చు. గీయడానికి నాకు క్షణం పట్టింది. మోయడం ఇంకా పూర్తి కాలేదు. ఇంట్లో వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఎనభైల్లో గుంటూరు మిర్చి గోదాముల పక్కన, వేసవంతా తుమ్ముతూ పనిచేసే ఒక చిన్న ఆఫీసులో నేను హెడ్ గుమాస్తాను. అక్కడికి ఎస్తేరు అనే అమ్మాయి తాత్కాలిక టైపిస్టుగా వచ్చింది. ఫైలు కట్టడం దగ్గర్నుంచి ఆఫీసు పనంతా నేనే నేర్పాను. మాస్టారూ అని పిలిచేది.

ఆ అమ్మాయి కాగితం పారేయనిచ్చేది కాదు. వాళ్ల నాన్న నల్లమలలో వెదురు కొట్టే పనికి వెళ్లేవాడట. ఆ వెదురంతా కాగితం మిల్లుకు పోయేదట. పచ్చటి కొండ బోడిగా మిగలడం చిన్నప్పుడు కళ్లారా చూసిందట. అందుకని ప్రతి శనివారం పని తీరిన కాగితాలు ఏరి, టైపు ఉన్న వైపు మూల నుంచి మూలకు ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టేది. గీత ఉంటే ఆ కాగితంతో ఇక పని లేదని అర్థం. వెనక వైపు చిత్తుప్రతి రాసుకోవచ్చు, చీటీలుగా కోసుకోవచ్చు. వచ్చిన కవర్లను కూడా విప్పి, తిరగేసి అంటించేది. కొత్త కాగితం కట్ట విప్పే పని బాగా తగ్గిపోయింది.

ఒకరోజు ఆఫీసరు గారు అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నారు. ఉద్యోగం పర్మనెంటు చేయమని పైకి రాస్తానన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఇన్నేళ్ల సర్వీసులో మీకెందుకు తట్టలేదండీ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల ఒళ్లు మండిపోయింది. దాన్ని ఆఫీసు పద్ధతి మీద పట్టింపు అనుకుని చూశాను, పెద్దరికం అనుకుని చూశాను, ఏ పేరూ అతకలేదు. అది అసూయ. నేను నేర్పిన పిల్ల నన్ను దాటిపోతోందని కుళ్లుకున్నాను.

ఆ వారమే, శుక్రవారం ఆమె భోజనానికి వెళ్లినప్పుడు, పై ఆఫీసు నుంచి వచ్చి ఇంకా జవాబు రాయని ఉత్తరం ఒకటి తీశాను. ఆమె పెన్సిల్‌తోనే గీత కొట్టి, ఆమె గీతలు కొట్టి ఉంచిన కాగితాల కట్టలో పెట్టాను. తర్వాత నా బల్ల దగ్గర కూర్చుని మామూలుగా అన్నం తిన్నాను. అదే ఇప్పుడు నన్ను భయపెడుతుంది.

తానే కొట్టిన గీత అనుకుని ఆమె ఆ కాగితం కోసేసింది. జవాబు పంపాల్సిన గడువు రోజున ఆఫీసంతా వెతికితే ఉత్తరం నాలుగు చీటీలై దొరికింది. ఎస్తేరు వాటిని బల్ల మీద పేర్చి చాలాసేపు చూసింది. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె గీత ఎప్పుడూ ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి దిగేది. ఈ గీత, కుడిచేతి వాళ్లు గీసినట్టు, ఎడమవైపు కింది నుంచి కుడివైపు పైకి ఎక్కింది.

"ఇది నా గీత కాదు మాస్టారూ. నా గీత మీరు రోజూ చూస్తారుగా. సారుకి మీరన్నా చెప్పండి."

"గీతల్లో నీదీ నాదీ ఏముంటుందమ్మా" అన్నాను.

నీదీ నాదీ అని నా నోటికి ఎలా వచ్చింది? ఆమె తలెత్తి నన్ను చూసింది. అర్థమైందో లేదో నాకు తెలియదు. చీటీలు ఏరుకుని తన బల్ల దగ్గరికి వెళ్లింది.

నెల తిరగకుండానే ఆమెను తీసేశారు. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే, కొత్త కాగితం మీద, ఒకవైపే. వాడిన కాగితాలు దాచడం ఆ రోజుతో మానేశాం. చెత్తబుట్ట మళ్లీ సాయంత్రానికల్లా నిండేది. దాన్ని చూసి కూడా నాకు సంతోషం కలగలేదు. మరి దేనికోసం చేసినట్టు?

ఆమె చీమకుర్తి వైపు ఏదో బడిలో పిల్లలకు చదువు చెబుతోందని తర్వాత విన్నాను. ఒకసారి ఆమెను చూడాలని ఒంగోలు దాకా వెళ్లి, బస్టాండులో టీ తాగి, వెనక్కి వచ్చేశాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. మిమ్మల్ని కూడా అడగడం లేదు. ఆమె ఆ రోజు సారుకి చెప్పమన్న మాట ఒక్కటి ఇన్నాళ్లకు చెబుతున్నాను. ఆ గీత ఎస్తేరుది కాదు సార్, నాది.