నేపాల్ జెండాకు అతుకు

ఆ రోజుల్లో నేను వనపర్తి నుంచి బస్సులో వీపనగండ్ల పక్కనున్న ఒక పల్లెకు వెళ్లి ఐదో తరగతికి పాఠాలు చెప్పేవాణ్ణి. ఒక ఏడు వనపర్తిలో బడిపిల్లలకు జెండాల పోటీ పెట్టారు. బట్టతో దేశాల జెండాలు చేయాలి, వాటి మీద ప్రశ్నలు అడిగితే చెప్పాలి. నోటిదూల కొద్దీ హెడ్మాస్టరుతో, "మొదటి బహుమతి తేకపోతే ఏడాదంతా మొదటి బస్సుకొచ్చి బడి తాళం నేనే తీస్త సార్" అనేశాను. ఆయన వెంటనే తాళంచెవుల గుత్తి తీసి, నాకోసమే అన్నట్టు దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

రెండు వారాలు నా గొంతు అరిగి సన్నాయి పీక అయింది. జపాన్ జెండాలో ఎర్రగా గుండ్రంగా ఉన్నదేంది అంటే ముప్పై గొంతులు "కుంకుమబొట్టు సార్!" అని అరిచేవి. కెనడా ఆకు చూపిస్తే, "ఆముదపాకు! మా చేన్ల మస్తుంది." కాదురా నాయనా అని రోజుకు వెయ్యిసార్లు చెప్పాను. వెయ్యిన్నొకటోసారి కూడా ఆముదమే.

నా ఆశంతా నేపాల్ మీదే. ప్రపంచ దేశాల జెండాల్లో నాలుగు మూలలు లేనిది అదొక్కటే, ఒకదాని మీద ఒకటి రెండు త్రికోణాలు. పిల్లలు కత్తిరించిన ఆ బట్టను అంచు కుట్టమని మా క్లాసు అమ్మాయి తాతకు, అంటే ఊరి దర్జీకి, ఇచ్చాను. పోటీనాడు పొద్దున తీసుకుందామని వెళ్లి చూస్తే నా గుండె జూరాల దగ్గర కృష్ణలో పడి సోమశిల దగ్గర తేలింది. నేపాల్ రుమాలులా నలుచదరంగా తయారైంది.

"ఏంది చాచా ఇది?"

"పిల్లగాండ్లు మూల కోసి పారేసిన్రు సార్. అసుంటి రంగు గుడ్డే దేవులాడి అతికిన. జర సూడండి, కుట్టు కానొస్తుందా?"

కుట్టు నిజంగానే కనిపించలేదు. అదే నా ఏడుపు.

"ఆ జెండా కోసినట్టే ఉంటది చాచా!"

"తమాషా చేస్తున్నరా? దేశమంత దేశానికి జానెడు గుడ్డ సాలకుండ పోతదా?"

కత్తెర ఇవ్వమన్నాను. తన చేతిపనిని తన కత్తెరతోనే కోయనిస్తానా అని దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. అవతల బస్సు హారన్ కొట్టింది. వనపర్తిలో దిగేసరికి పోటీ మొదలైపోయింది.

పోటీలో జడ్జి అడగనే అడిగాడు. "ఏ దేశపు జెండాకు నాలుగు మూలలుండవు?"

"నేపాల్ సార్!" అంది దర్జీ మనవరాలు చటుక్కున.

"మరి నీ చేతుల ఉన్నదేంది?"

"నేపాలే సార్. చినిగితే మా దాదా బాగుచేసిండు."

హాలంతా విరగబడి నవ్వింది. జడ్జి ఆ అతుకును వేలితో తడిమి, దర్జీ ఏ ఊరివాడో అడిగి రాసుకుని మరీ, మాకు రెండో బహుమతి ఇచ్చాడు.

మర్నాడు మొదటి బస్సు దిగేసరికి దర్జీ మెషీన్ ముందున్నాడు.

"రెండోదేనంట గద సార్?"

"నీ అతుకు వల్లనే చాచా!"

ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూ తలైనా ఎత్తలేదు. "నా తప్పేముంది? ఆ దేశపోళ్లను ఒకపారి వచ్చి కొలతలిచ్చి పొమ్మనుండ్రి."