తోడు గ్లాసు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. ఇందులో నా అరుపులు చాలా వస్తాయి, మా ఆవిడ మాటలు తక్కువ వస్తాయి. గెలిచింది మాత్రం ఆవిడే.

మాది ఉప్పాడ. ఇద్దరం జాందానీ చీరలు నేస్తాం. ఒకే మగ్గం, పక్కపక్కన కూర్చుంటాం. చీరలో ఎడమ సగం నాది, కుడి సగం ఆవిడది. బుటాలకి రంగు పోగులు ఒక్కొక్కటీ వేళ్ళతో దూర్చి నేయాలి కాబట్టి రెండు జతల చేతులు, రెండు జతల కళ్ళు లేనిదే పని సాగదు. పెళ్ళైన ఏడాది నుంచీ ఆవిడ మోచెయ్యి నా మోచేతికి తగులుతూనే ఉంది. అలాంటిది రెండేళ్ళ కిందట నా జత కళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి.

ఒక పోగు రెండుగా కనిపించేది. బల్బు మార్చాను. బల్బు అమ్మినవాణ్ణి తిట్టాను. పోగులు నాసిరకమని, మాతో చీరలు నేయించుకునే షావుకారు మనిషి మీద ఎగిరాను. చివరికి ఆవిడ పోరు పడలేక కాకినాడలో కంటి డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళాం. కళ్ళజోడు మారిస్తే సరిపోతుందని నా ధీమా. డాక్టరమ్మ గారు చుక్కలు వేసి, లైటు వేసి చాలాసేపు చూశారు, రక్తపరీక్ష కూడా చేయించారు.

"జోడు ఇప్పుడు రాయనండి. షుగరు ఇలా ఉంటే ఇవాళ రాసింది వచ్చే నెలకి పనికిరాదు. ముందు షుగరు దించుకోండి. కంటి వెనకాల అప్పుడే దెబ్బ మొదలైంది. ముదిరిందంటే పోయిన చూపు నేను తిరిగి తేలేను," అన్నారు.

నాకు నేత తప్ప ఇంకో పని రాదు. భయమేస్తే నేనేం చేస్తాను? దబాయించాను.

"నేను తీపి ముట్టనండీ!" అన్నాను. అబద్ధం కాదు. షుగరు బయటపడ్డాక టీలో పంచదార మానేసి మూడేళ్ళు. రాత్రిళ్ళు అన్నం మానేసి రెండు పుల్కాలు. మా చెల్లెలు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెస్తే వాసన చూసి పక్కన పెట్టేసే మొనగాణ్ణి. "మరి ఎక్కణ్ణుంచి వస్తోందండీ ఇంత షుగరు?" అన్నారు డాక్టరమ్మ గారు. నేను పైకప్పు చూశాను. మా ఆవిడ నన్ను చూసింది.

మా గోదారి వాళ్ళ మర్యాదలు మీకు తెలియనివి కావు. గుమ్మం తొక్కిన మనిషికి ఉత్త మంచినీళ్ళిచ్చి పంపితే ఆ ఇంటికి తలవంపులు. కూల్‌డ్రింకు తెప్పించాల్సిందే. తెప్పిస్తే ఆ వచ్చినాయన తాగి ఊరుకోడు. "నేనొక్కణ్ణే తాగడం ఏంటండీ, మీరూ తీస్కోండి" అంటాడు. అలా అనకపోతే ఆయనకి మర్యాద తెలియనట్టు. అన్నాక మనం తాగకపోతే మనకి తెలియనట్టు. దాన్ని మా వీధిలో తోడు గ్లాసు అంటాం. షావుకారు మనిషి వస్తే ఒక తోడు గ్లాసు. పట్టు తెచ్చినాయన వస్తే ఒకటి. చీరలు చూడ్డానికి రాజమండ్రి నుంచి కారేసుకుని వచ్చినవాళ్ళతో ఒకటి. చీర మగ్గం దిగిన రోజైతే పెద్ద సీసాయే. మధ్యాహ్నం చేపల పులుసు తిన్నాక గ్యాసు కోసం అని నాకు నేనే తోడు.

కాకినాడ నుంచి వచ్చిన పదో రోజున ఆవిడ పోగుల రేకు డబ్బా తెచ్చి నా ముందు గుమ్మరించింది. గలగలమని సీసా మూతలు రాలాయి.

"ఏంటే ఇవి?"

"ఈ పది రోజుల్లో మీరు తాగినవండి. ఇంట్లో తాగినవే. బయట తాగినవి నాకు తెలీదు."

"అది తీపేంటే? అది నీళ్ళు! గ్యాసుకి మంచిది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

ఆవిడ ఒక సీసా తెరిచి గ్లాసులో పోసి, గట్టు మీద ఎండలో పెట్టి వచ్చి మళ్ళీ నేతకి కూర్చుంది. సాయంత్రానికి దాంట్లో బుడగ అన్నది లేదు. చుట్టూ చీమలు బారు కట్టాయి. "ఇప్పుడు తాగండి. గ్యాసు పోయింది, చల్లదనం పోయింది, మిగిలిందేదో చూడండి," అంది. ఒక్క గుక్క వేశాను. అమ్మ బాబోయ్! పానకం. పానకం కూడా కాదు, పాకం. నోరు జిగురైపోయింది. ఇదా నేను రోజూ నీళ్ళనుకుని తాగుతున్నది? ఆ సాయంత్రం నేను అరవలేదు. నాకే ఆశ్చర్యమేసింది.

అర్థమైనంత మాత్రాన మానేస్తామా? ఆవిడ మొదట మెంతులు నానేసిన నీళ్ళిచ్చింది. ఆవిడ చూస్తుండగానే కాలవలో పారబోశాను. బార్లీ కాచి ఇచ్చింది. జ్వరం మనిషినా నేను అని కస్సుమన్నాను. అప్పుడు నేతకి కూర్చునే ముందు ఒక మాట అడిగింది. "అసలు ఆ డ్రింకులో మీకు ఏం ఇష్టమండీ?" అంత నెమ్మదిగా ఎవరైనా అడిగితే కోపం ఎలా వస్తుంది? ఆలోచించి చెప్పాను. "గొంతులో చుర్రుమంటుంది చూడు, అది. తర్వాత త్రేన్పు వస్తుంది చూడు, అది."

మర్నాడు బజారు సోడా బండి నుంచి ఉత్త గోలీసోడా తెచ్చింది. నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి, నానిన సబ్జా గింజలు ఒక చెంచా కలిపింది. చుర్రుమంది. త్రేన్పు వచ్చింది. నేను మొహం మాడ్చుకునే ఉన్నాను గానీ గ్లాసు ఖాళీ చేశాను. పులుసు తిన్నాక గ్యాసుకి అది. మిగతా పూటలకి చిలికి వెన్న తీసేసిన పల్చటి మజ్జిగ, అందులో అల్లం, కరివేపాకు, చిటికెడు వాము. పట్టు మీద ఒక్క చుక్క పడినా మరక కాబట్టి మూత ఉన్న సీసాలో పోసి మగ్గానికి దూరంగా పెట్టేది. ఒక్కోసారి లేచి వెళ్ళి తాగాల్సి వచ్చేది. దాంతో నడుము నొప్పి కూడా తగ్గింది, ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

దొంగతనంగా తాగలేదా అంటే తాగాను. బస్టాండు దగ్గర కొట్లో నారింజ రంగుది ఒకటి తాగి, నోరు తుడుచుకుని, బుద్ధిమంతుడిలా వచ్చి కూర్చున్నాను. "నాలిక చూపించండి," అంది, నేత మీంచి తల ఎత్తకుండానే. అరవై ఏళ్ళకి దగ్గరపడుతున్న మగాణ్ణి, నాలిక చాపి చూపించాను. నారింజ మరక చూసి, మళ్ళీ పోగులు దూర్చుకోవడంలో పడింది. తిట్టినా బాగుండేది.

ఆ రోజుల్లోనే నీలం చీర ఒకటి మగ్గం దిగింది. ఒళ్ళంతా హంసల బుటా. షావుకారు గారికి రంగు నచ్చలేదట, మనల్నే ఉంచుకోమన్నారట, బదులు ఇంకోటి నేసి ఇద్దామని ఆవిడ చెప్పింది. "నేను కట్టుకుంటాను లెండి," అంది. నేసేవాళ్ళం అలాంటి చీరలు కట్టడం మా ఇళ్ళలో లేదు. రంగుకేం రోగం అని కాసేపు గొణిగి ఊరుకున్నాను. అప్పట్నుంచి ఏ పేరంటానికైనా, కాకినాడ పరీక్షలకైనా ఆవిడ ఆ నీలం చీరే. "పట్టుచీర కట్టుకుని రక్తపరీక్షకి వచ్చేది నువ్వొక్కదానివే" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేది.

అసలు గొడవ రాజమండ్రి వాళ్ళు వచ్చిన రోజున అయింది. భార్యాభర్తలు, కూతురి పెళ్ళికి చీరలు కావాలని కారులో వచ్చారు. కూల్‌డ్రింకు తెమ్మని సైగ చేశాను. ఆవిడ లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. వచ్చినావిడ రెండు గుక్కలు తాగి పక్కన పెట్టింది. ఆయన పర్వాలేదండీ అన్నాడు. డ్రైవరు మాత్రం రెండో గ్లాసు అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కారు మలుపు తిరిగేదాకా ఆగి, వీధంతా వినేలా మొదలుపెట్టాను.

"పరువు తీశావు కదే! ఇంటికొచ్చిన పెద్దమనుషులకి మజ్జిగనీళ్ళా? ఈ వీధిలో తలెత్తుకుని తిరగనిస్తావా లేదా?"

"వాళ్ళకి డ్రింకు ఇస్తే మీరు తోడు తాగాలి," అంది ఆవిడ గ్లాసులు తీస్తూ. "పరువు పోతే మళ్ళీ తెచ్చుకుందామండి. కళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తాం?"

గొంతు పెంచలేదు. ఒక గ్లాసు మాత్రం చేజారి కింద పడింది. ఆవిడ భయపడుతోందని నాకు అప్పుడే తెలిసింది. అన్ని నెలలూ భయం నాకొక్కడికే అనుకున్నాను, ఎంత వెధవని! ఆ రోజు నుంచి మా ఇంట తోడు గ్లాసంటే మజ్జిగే. మొదట్లో నవ్విన ఎదురింటాయన ఇప్పుడు తనే వచ్చి, "వదిన గారూ, అల్లం కాస్త ఎక్కువేసి ఇప్పించండి," అంటాడు.

ఆరు నెలలకి షుగరు దిగింది. మందులూ నడకా కూడా ఉన్నాయి, కాదనను. డాక్టరమ్మ గారు మళ్ళీ లైటు వేసి చూసి, "దెబ్బ ఉన్నచోటే ఆగిందండి. పరీక్షలు మానకండి. ఇప్పుడు జోడు రాస్తాను," అన్నారు. వారం తర్వాత తెచ్చుకోవడానికి ఇద్దరం కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళాం. ఆవిడ అదే నీలం చీర. కొట్టతను జోడు నా ముక్కు మీద సర్ది, "ఇదిగోండి, దగ్గర చూపుకి చదవండి," అని అక్షరాల అట్ట ఇచ్చాడు.

అట్ట చదివాను. అడుగు వరసదాకా చదివాను. ఆనందం పట్టలేక పక్కకి తిరిగి ఆవిణ్ణి చూశాను. భుజం మీద పైట. పైట మీద వరసగా హంసలు, ముక్కులతో సహా. ఒకదానికి మాత్రం తల లేదు. మెడ మధ్యలోనే ఆగిపోయింది. ఎడమ సగంలో ఉంది. నాది.

నేతగాడి కంటికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. రంగు నచ్చక తిరిగొచ్చిన చీర కాదది.

"ఇది... నేనేనా?" అన్నాను.

"ఆయ్," అంది. "మీరు భోజనానికి లేచినప్పుడల్లా మీ వైపువి విప్పి సరిచేసేదాన్నండి. ఇదొక్కటీ నేను చూసేసరికి జానెడు నేత ముందుకెళ్ళిపోయింది, ఇక విప్పడానికి లేకపోయింది. షావుకారు గారితో ఉన్నమాటే చెప్పేశాను."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మగ్గం ఎక్కడం మానేస్తారు. అందుకే ఇలా భుజం మీదికి వచ్చేలా కడుతున్నానండి. కళ్ళు బాగుపడిన రోజున మీరే చూస్తారు కదా అని."

మాది నేతగాళ్ళ వీధి. పేరంటంలో ఒక పోగు తప్పినా పది అడుగుల దూరం నుంచి పట్టేస్తారు. తల లేని హంసని భుజాన వేసుకుని ఆవిడ ఇన్ని నెలలు ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ఎంతమంది నవ్వుకున్నారో, ఏం జవాబు చెప్పిందో, నాతో ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషిని పట్టుకుని నేను వీధి వీధంతా వినేలా పరువు తీశావని అరిచాను.

కొట్టతను ఏమైందోనని కంగారుపడి, "జోడు సరిపోలేదాండీ? కూర్చోండి, చల్లగా డ్రింకు తెప్పిస్తాను," అన్నాడు. నేను కళ్ళు తుడుచుకుని, వద్దండీ అన్నాను. ఆవిడ సంచీలోంచి మజ్జిగ సీసా తీసి మూతలో పోసి నాకిచ్చింది. నేను పుచ్చుకోలేదు.

"ముందు నువ్వు తాగవే," అన్నాను. "ఇవాళ నేను తోడు తాగుతాను."