తోరాబ్ పేరిటి బోరింగు

మేఘనా నది ఒడ్డున ఎవరికి దాహమేసినా కాళ్లు కుల్సుమ్ చాచీ వాకిట్లోకే లాక్కెళ్లేవి. వట్టి నీళ్లివ్వడం ఆవిడకు నామోషీ. చేతిలో బెల్లంముక్క పెట్టాకే చెంబు అందించేది. జనాన్ని నది దాటించే పడవతో సహా గాలివానలో పోయిన కొడుకు తోరాబ్ పేరిట వేయించిన బోరింగు అది. జనం తాగినంతకాలం ఆ పుణ్యం వాడికి చేరుతూనే ఉంటుందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతోనే బతుకుతోంది.

ఊళ్లో నీళ్లు పరీక్షించే షెఫాలీకి ఆ వాకిలి దగ్గరికొచ్చేసరికి అడుగు ముందుకు పడలేదు. ఆ నీళ్లు తాగే పెరిగింది మరి! కానీ ఏంచేస్తుంది? ఇరుగుపొరుగుల అరిచేతుల్లో నల్లమచ్చలు, గట్టి బొడిపెలు లేస్తున్నాయి. భూమిలోని ఆర్సెనిక్ విషం నీళ్లలో చేరితే వచ్చేవి అవి.

సీసాలో నీళ్లు పట్టి, మందుపొడి వేసి, మూతలో, విషముంటే రంగు మారే తెల్లకాగితం బిగించింది.

"ఏమే, నా నీళ్లకే వంకపెడతావా? ఇవి తాగేగా ఇంత పొడుగయ్యావు!" అంది చాచీ.

"పొడుగు మా నాన్నది చాచీ. నోరొక్కటే నీ దగ్గర నేర్చుకున్నా."

ఇద్దరూ నవ్వుతుండగానే కాగితం పసుపెక్కింది. చూస్తుండగానే గోధుమరంగుకు తిరిగింది. ఎంత తేటనీళ్లని! వాసన లేదు, రుచిలో తేడా లేదు. అంత తియ్యటి నీళ్లలో ఇంత విషమా!

తాగకూడని బోరింగుకు ఎరుపు, మంచిదానికి ఆకుపచ్చ వేస్తారు. షెఫాలీ ఎర్రరంగు డబ్బా తీసింది.

"గిన్నెలు తోముకోవచ్చు చాచీ, బట్టలు ఉతుక్కోవచ్చు. తాగడానికి మాత్రం వద్దు."

"అయితే నా బిడ్డకు ఇక పుణ్యం రాదా?"

చాచీ సిమెంటు గట్టు మీద చెక్కిన కొడుకు పేరును తడుముతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, కొంగు బిగించి, కుంచె లాక్కుంది. పిడి నుంచి అడుగుదాకా తన చేత్తోనే ఎర్రగా పూసింది. ఇన్నేళ్లూ తను చూసింది ఈ మనిషినేనా అని షెఫాలీకి అనిపించింది.

"పేరు మీద కూడా పూసెయ్యనా చాచీ?"

"ముట్టావంటే చేతులు విరగ్గొడతా! పడవ నిండాక ఎక్కబోయేవాళ్లని వాడేం చేసేవాడే?"

"నానా తిట్లూ తిట్టి వెనక్కి పంపేసేవాడు."

"ఇప్పుడూ అదే చేస్తాడు. ఉండనీ."

అంతలో పక్కింటావిడ బిందెతో వచ్చింది. చాచీ ఎప్పటిలాగే ఆమె చేతిలో బెల్లంముక్క పెట్టింది.

"మసీదు దగ్గర ఆకుపచ్చదానికి వెళ్లమ్మా. ఇక్కడ తాగొద్దని మా తోరాబ్ చెబుతున్నాడు."