ఒట్టు వెయ్యని ఆదివారాలు

ఒట్లు వెయ్యడంలో నేను ఆరితేరినవాణ్ణి. ఇక తాగనని అమ్మవారి మీద వేశాను, లారీ స్టీరింగు మీద వేశాను, ఆఖరికి అన్నం కంచం మీద కూడా వేశాను. అరవైల చివర, మద్యనిషేధం పోయి సారా కొట్లు బాహాటంగా తెరిచిన రోజులవి. నేను సాలూరులో లారీ డ్రైవర్ని. ఘాట్ రోడ్డు దిగొచ్చిన ప్రతిసారీ నాలిక పిడచకట్టేది. ఒట్టు రెండు రోజులు నిలిచేది, మూడో రోజు తీసి గట్టు మీద పెట్టేవాణ్ణి.

చివరికి మా నాలుగేళ్ళ అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాను. మర్నాడే తాగాను. ఆ వారంలోనే పిల్లకి జ్వరం తగిలింది. మలేరియా అన్నాడు డాక్టరు. మా ఆవిడ ఆ మాట చెవిన పెట్టలేదు. పిల్ల కోలుకోగానే చంకనేసుకుని భోగాపురంలో పుట్టింటికి వెళ్ళిపోయింది.

“నీ ఒట్టుకి నా గుంట బలవ్వాలేటి?” అంది గుమ్మం దిగుతూ.

నాకు ముందు కోపం వచ్చింది. సిగ్గు తాపీగా తర్వాత వచ్చింది.

సముద్రపొడ్డు నుంచి నా లారీలో సాలూరు సంతకి ఎండుచేపలు తెచ్చే వ్యాపారి ఒకాయన ఉండేవాడు. నన్ను మించిన తాగుబోతు. ఒకరోజు గ్లాసు చేతికిస్తే పక్కకి నెట్టేశాడు.

“ఏటి మావా, ఒంట్లో బాగులేదా?” అన్నాను.

“బాగుంది కాబట్టే వొద్దంతన్నాను. తాగుడు మానుకున్నోలం సీకాకుళంలో ఆదివారం ఆదివారం కూకుంతన్నాం. నువ్వూ రా.”

ఇదేదో గట్టి దేవుడి దగ్గర ఒట్టేయించే కార్యక్రమం అనుకున్నాను. అందుకే ఆదివారం తలంటు పోసుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, ఉతికిన పంచె కట్టి, కొబ్బరికాయ, కర్పూరం, తమలపాకులు పట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కాను. నాగావళి వంతెన దగ్గర టీ కొట్టువాణ్ణి అడిగాను, తాగుడు మానేవాళ్ళ ఇల్లెక్కడని.

“మానేవోలిల్లు తెల్దు బావ, తాగేవోలవైతే వీదంతా సూపిస్తాను” అన్నాడు.

ఎలాగో పట్టుకున్నాను. రిటైరైన తంతి ఆఫీసు గుమాస్తా ఇంటి వెనక వరండా అది. ఆయన మద్రాసులో ఉద్యోగం చేసినప్పుడు ఇలాంటి సమావేశాలకి వెళ్ళి బాగుపడ్డాడట. చాప మీద మా చేపల మావతో కలిపి నలుగురున్నారు. ఇక్కడ పేర్లు చెప్పక్కర్లేదన్నాడు పెద్దాయన. మంచిదే, కానీ మా వైపు మనుషులు వరస కలవకుండా కూర్చోగలరా? మీదే ఊరు, అత్తారిదే ఊరు అంటూ నిమిషంలో ఆయన కూడా నాకు మావ అయిపోయాడు.

నేను కొబ్బరికాయ ముందు పెట్టి, కర్పూరం విప్పి, “ఎవులి మీద వెయ్యమంతారు మావా ఒట్టు?” అన్నాను.

నలుగురూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పుల కోసం లేచాను. పెద్దాయన నా పంచె అంచు పట్టుకున్నాడు.

“కూకోరా. ఇక్కడ ఒట్లు లేవు. నిన్న తాగేవా?”

“తాగేను.”

“ఈవేళ?”

“ఇంకా లేదు.”

“అయితే ఈవేళ్టికి తాగకు. రేపటి మాట రేపు సూద్దాం.”

ఇంతేనా అనిపించింది. కొబ్బరికాయ కొట్టి అందరం బెల్లంతో తినేశాం. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే తమ సంగతులు చెప్పారు. చేపల మావ తాగొచ్చి పక్కింటి అరుగు మీద పడుకుని, పొద్దున్న ఆ ఇంటావిణ్ణి గంజి తెమ్మని గద్దించాడట. నవ్వలేక చచ్చాను. నా వంతు వచ్చాక మా అమ్మాయి నెత్తి సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను, అదీ తాగకుండానే.

పది ఆదివారాలు గడిచాక ధైర్యం చేసి భోగాపురం వెళ్ళాను. మా ఆవిడ అన్న అరుగు మీదే అడ్డంపడ్డాడు.

“మానేసినావా? అయితే గుంట నెత్తి మీద సెయ్యేసి సెప్పు” అంటూ పిల్లని నా ముందుకి లాగాడు.

తలుపు వెనక మా ఆవిడ ముఖం పాలిపోయింది. ఒక్క ఒట్టేస్తే ఇద్దర్నీ తీసుకుపోవచ్చు. నా చేతికి అది అలవాటైన పనే. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

“ఒట్టెయ్యను బావ. ఈవేళ తాగలేదు. రేపటి సంగతి నాకు తెల్దు.”

“సూసినావా, మళ్ళీ తాగుతాడు!” అని అరిచాడు ఆయన.

మా ఆవిడ బయటికి వచ్చి పిల్లని దగ్గరికి తీసుకుంది.

“అయితే రేపు తాగకపోతే ఒచ్చి సెప్పు” అంది.

నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. మర్నాడు మళ్ళీ వెళ్ళి చెప్పాను. ఆ తర్వాత విశాఖ ట్రిప్పు పడినప్పుడల్లా భోగాపురం మీదుగా తిప్పుకుని వెళ్ళి, వాళ్ళ వీధి మొదట్లో హారన్ కొట్టేవాణ్ణి. ఆవిడ వచ్చేది. “ఈవేళ లేదు” అనేవాణ్ణి. తలూపి వెళ్ళిపోయేది. ఇలా రెండు నెలలు.

ఒక పొద్దున్న నేను హారన్ మీద చెయ్యి వేసేలోపే రోడ్డు పక్కన ఇద్దరూ నిలబడి ఉన్నారు. పిల్లని ముందు క్యాబిన్‌లోకి ఎక్కించి, తను పక్కన సర్దుకుని కూర్చుంది.

“ఈవేళ...” అంటూ మొదలెట్టాను.

“బండి పోనీ” అంది. “ఇంటికాడ సెబుదువుగాని.”